ఏడింటికీ వాటా ఉన్న సంఖ్య

పొద్దుటి నుంచీ ఆమె చెయ్యి ఇనుప చువ్వ మీదే ఉంది. టికెట్టు చింపడం, చువ్వ తోసి మనిషిని లోపలికి పంపడం, టక్కుమన్నాక, మొదటిరోజు నుంచీ వచ్చినవాళ్ళను లెక్కించే గేటు పక్క పెట్టెలో మారిన అంకె చూడడం. ఆ మ్యూజియంలో ఇరవై ఏడేళ్ళుగా ఆమె ఉద్యోగం ఇదే. వచ్చేవాళ్ళు టికెట్టు చాచేవారే గాని ఆమె మొహం చూసేవారు కాదు. పనివాళ్ళకు దారి వెనక తలుపు. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారైనా ఆ గేటు దాటి లెక్కలోకి ఎక్కలేదు.

పక్కనున్నది బయటికి పోయే గేటు. దానికీ అలాంటి పెట్టే ఉంది. సాయంత్రం రెండు పెట్టెల్లోనూ ఒకే అంకె ఉంటేనే తలుపులకు తాళం.

తండ్రి పోయాక పదో తరగతిలోనే బడి మానేసింది గాని, లెక్కలు ఆమెను వదల్లేదు. ఏ అంకె కనబడినా అది దేనితో భాగిస్తే శేషం లేకుండా పోతుందో చూసేది. దేనితోనూ పోని ప్రధాన సంఖ్య తగిలితే, "నాలాగే ఒంటిపక్షి" అని నవ్వుకునేది. అందుకే కాపలాదారు ఆమెను లెక్కలక్క అనేవాడు.

ఆ మధ్యాహ్నం పెట్టెలో 510509 పడింది.

"ఇంకొక్కరొస్తే చాలు తమ్ముడూ," అంది కాపలాదారుతో. "ఇది ఉట్టి మొండిఘటం. అరవై ఒకటి దాకా దేనికీ లొంగదు. దీని తర్వాతది చూడు! రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు. వరసగా ఏడు ప్రధాన సంఖ్యలు. అన్నీ గుణిస్తే సరిగ్గా అదే వస్తుంది. ఏడుగురు పిల్లలున్న ఇల్లనుకో. ఎన్నేళ్ళ బట్టి చూస్తున్నానో!"

"వచ్చినవాడికి దండేసేలా ఉన్నావే అక్కా!"

వాన పట్టుకుంది. ఎవరూ రాలేదు. జారిపోయిన టికెట్టు ముక్క కోసం ఆమె వంగినప్పుడు టక్కుమంది. తలెత్తింది. చువ్వ ఇంకా ఊగుతోంది. ఎదురుగా మనిషి లేడు. గచ్చు మీద తడి అడుగు లేదు. పెట్టెలో 510510.

మూసే వేళకు బయటి పెట్టె 510509 దగ్గరే ఆగింది. ఇద్దరూ ప్రతి గదీ వెతికారు. బీరువాల వెనకా చూశారు.

"మిషను పాడైంది. పద అక్కా, పోదాం."

"ఇన్నేళ్ళలో ఒక్కటి తప్పలేదు. ఎవరో ఉన్నారు. పాపం, దారి తెలీడం లేదేమో. ఇంకొక్కసారి చూసొస్తా."

ఆమె గొంతులో భయం లేదు. ఇంటికి చుట్టాలొచ్చారని విన్న మనిషిలా, వెనక తలుపు వైపు గబగబా నడిచింది.

పావుగంటైనా రాకపోయేసరికి కాపలాదారు వెళ్ళాడు. గడియారాల గదిలో బల్ల మీద, పక్కన ఇంకొకరికి చోటు వదిలి ఒద్దికగా కూర్చుని ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

వెనక తలుపు ఇరుకని స్ట్రెచరును బయటికి పోయే గేటు గుండా తెచ్చారు. మోసేవాళ్ళిద్దరూ, మీద ఆమె. ముగ్గురు దాటినా టక్కుమన్నది ఒక్కసారే. కాపలాదారు ఆ గేటు పెట్టె చూశాడు. 510510.

రెండూ సరిపోయాయి. తాళం తీసుకుని, ముందు ఆమె కూర్చునే చోటు వైపు చూశాడు.

గేటు దగ్గర స్టూలు కింద ఆమె చెప్పులు, ముందు కొసలు మ్యూజియం లోపలివైపుకు తిరిగి, జతగా ఉన్నాయి.