బోర్లించిన గ్లాసులు

పటాన్‌చెరులోని మా వైన్ కంపెనీ ల్యాబులో రుచి చూసే పని నాది. నోట్లో పోసుకుని ఉమ్మేస్తాను. ఏడేళ్లలో ఒక్కసారీ గొంతు దిగనివ్వలేదు. నా పక్కన పనిచేసే వసీమ్ కూడా తాగడు.

"తాగని మనిద్దరం తాగేటోళ్లకు తీర్పు చెప్తున్నం అక్కా," అని నవ్వుతుంటాడు.

ఆ రోజు కార్తీక సోమవారం, నేను ఉపవాసం. మేనేజరు నరసరాజు గారు పోర్చుగల్ నుంచి వచ్చిన నలభై ఏళ్ల పోర్ట్ వైన్ రెండు సీసాలు నా ముందు పెట్టారు.

"హైమావతమ్మా, ఇసొంటియి అరవై ఉన్నయి. చెడినయంటే నాలుగింటికి లారీల వాపస్ పోతయి."

సీసా మెడ వెనక టార్చి పట్టుకుని, మెల్లగా కూజాలోకి వంచాను. అడుగు మడ్డి మెడ దాకా రాగానే ఆపాను. రంగు పాత ఇటుకలా ఉంది. గ్లాసులో పోసి వాసన చూశాను. ఎండుద్రాక్ష వాసన, దాని మీద తడిసిన అట్ట వాసన. బిరడా చెడితే వచ్చే వాసనే. రెండో సీసా, వేరే గ్లాసు. మళ్లీ అదే.

"జెర నోట్లేసుకొని సూడరాదుండ్రి?"

"ఇయ్యాల ఒక్కపొద్దు సార్. ముక్కు చాలు."

'చెడింది' అని రాసి సంతకం పెట్టాను. ఆయన కాగితం తీసుకుని, ఫోను చేసుకుంటూ బయటికి వెళ్లారు. ఎవరో నలభై ఏళ్లు కాపాడినదాన్ని ఒక్క మాటతో కాదన్నానా? తాగుడు సరుకు గురించి నాకింత దిగులెందుకు?

"రెండు సీసాలు ఒక్క తీరుగ ఎట్ల చెడుతయి అక్కా?" అన్నాడు వసీమ్.

ఖాళీ గ్లాసు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడి అట్ట! శనివారం గ్లాసులన్నీ కడిగి, ఇంట్లో గిన్నెల్లాగే, బల్లి పడకుండా అట్ట మీద బోర్లించింది నేనే.

ఒక గ్లాసును వేడినీళ్లతో కడిగి, తుడిచి, మళ్లీ పోశాను. అట్ట వాసన లేదు. కానీ ఇక నా ముక్కును నేనే నమ్మలేకపోయాను. శివయ్యా అనుకుని నోట్లో పోసుకున్నాను. మొదట బెల్లప్పాకం, తర్వాత మిరియం, చివర వక్క వగరు. ఉమ్మేశాను. ఒక్కపొద్దు నిలిచిందో లేదో తెలియదు. వరండాలోకి పరుగెత్తాను.

"సార్, ఆపుండ్రి! వైన్ మంచిదే. నా గ్లాసులకే వాసనున్నది."

ఆయన ఫోను చెవి దగ్గర నుంచి తీశారు. "సంతకం వెట్టినంకనా?"

"కొట్టేస్తా సార్. తప్పు నాదేనని గూడ రాస్త."

ఆయన ఫోన్లో "లారీ వద్దు" అన్నారు. కాగితం నా చేతికిచ్చారు.

"రేపటి సంది మీ సంతకం పక్కన ఇంకొకల్ల సంతకం గావాలె అమ్మా."

"గట్లనే సార్," అన్నాను. గోడకు కాగితం ఆనించి, నేను రాసిన మాట కొట్టేశాను.