ఐసు జ్వరం

అంతర్వేది దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే ఆడవాళ్ళకి ఒళ్ళు నొప్పులొస్తే ఆసుపత్రి కంటే ముందు సూర్యావతి గుర్తొచ్చేది. ఏళ్ళ తరబడి కీళ్ళవాతంతో కాపురం చేస్తున్న మనిషి. వేళ్ళు వంకర్లు పోయినా టబ్బు ముందు కూర్చుందంటే అందరితో సమానంగా ఒలిచేది. ఏ మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలో, ఏది వేస్తే కడుపు మండుతుందో గడగడా చెప్పేది. అందరూ డాక్టరమ్మా అని ఆటపట్టించేవారు. ఆవిడ పైకి విసుక్కునేది గానీ, లోపల ఆ పిలుపంటే మహా ఇష్టం.

కరోనా టీకాలొచ్చినప్పుడు మన డాక్టరమ్మ తీర్పిచ్చేసింది. కీళ్ళవాతం ఉన్నవాళ్ళు ఆ సూది వేయించుకుంటే ఆడే కీళ్ళు కూడా బిగుసుకుపోతాయంది. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. ఆవిడకి భయమేసింది, ఆ భయానికి తెలివని పేరు పెట్టుకుంది. పక్క పీట మీద కూర్చునే కుసుమకీ అదే జబ్బు. వదినా అని నోరారా పిలిచే కుసుమకి సూర్యావతి మాటంటే వేదం. గ్రామ సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి టీకాకి పిలిచినా వెళ్ళలేదు.

తర్వాత సూర్యావతి మందుల కోసం అమలాపురం వెళ్తే కీళ్ళ డాక్టరు కేకలేశాడు. ఈ మాత్రలు వాడేవాళ్ళకి రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుందని, టీకా అందరికంటే మీకే ముఖ్యమని చెప్పాడు. మొగుడు సత్యదుర్గారావు అటునుంచటే తీసుకెళ్ళి, దగ్గరుండి వేయించాడు. మర్నాటికి జ్వరం, భుజం నొప్పి. కీళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

షెడ్డులో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. అంత గట్టిగా వద్దన్న మనిషి, ఇప్పుడు నేనే వేయించుకున్నానని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? జ్వరమేమిటని అడిగితే, ఐసులో చేతులు పెట్టి పెట్టి వచ్చిందంది. పాపం, కుసుమ నమ్మేసింది. వదినను ఐసు ముట్టుకోనివ్వకుండా ఆవిడ టబ్బు కూడా తనవైపు లాక్కుని, వాచిన వేళ్ళతోనే రెండు టబ్బులూ ఒలిచింది. సూర్యావతి ఆవేళే చెప్పేయాల్సింది. రేపు చెబుదాంలే అనుకుంది. రెండో సూది కూడా అలాగే గుట్టుగా వేయించుకుంది.

చలికాలంలో కరోనా మళ్ళీ ఊరి మీద పడింది. ఇద్దరికీ వచ్చింది. సూర్యావతికి జలుబులా వచ్చి పోయింది. కుసుమకి ఊపిరందక ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. సూర్యావతికి అన్నం సయించలేదు. కుసుమ బతికితే నిజం చెప్పేస్తానని నరసింహస్వామికి మొక్కుకుంది. కుసుమ బతికింది. మొక్కు మాత్రం తీరలేదు.

కుసుమ ఇంటికొచ్చాక మొగుడూ పెళ్ళాలిద్దరూ సొరచేప పిట్టు వండుకుని చూడ్డానికి వెళ్ళారు. కుసుమ మంచం మీద లేచి కూర్చుంది. నాలుగు మాటలకే ఆయాసం.

"ఇప్పుడైనా టీకా ఏయించుకోమని నర్సమ్మగారు చెప్పేరండి, అన్నయ్యగారూ. ఏమీ ఏయించుకోకుండానే మా వదినకి తగ్గిపోయింది, నాకెందుకండీ అన్నాను."

షెడ్డులో ఆడవాళ్ళ మాటలు సముద్రం మీద వేట చేసుకునే సత్యదుర్గారావుకి ఏం తెలుసు?

"అదేంటమ్మా, మీ వదినకి రెండు సూదులూ నేనే దగ్గరుండి ఏయించేను. అందుకే తేలిగ్గా పోయింది."

సూర్యావతికి అక్కడే చచ్చిపోవాలనిపించింది. కుసుమ కేకలెయ్యలేదు. వదిన మొహంలోకి చూసి అడిగింది.

"అయితే ఆవేళ ఐసు జొరమన్నది... అదేనా వదినా?"

"ఆయ్," అంది సూర్యావతి, వినబడీ వినబడనట్టు.

కుసుమ తన చేతులు దుప్పటి కిందికి లాక్కుంది. అమలాపురం మళ్ళీ ఎప్పుడెళ్తారో చెప్పమని, తననూ తీసుకెళ్ళమని సత్యదుర్గారావును అడిగింది. వదిన వైపు మళ్ళీ చూడలేదు.

జబ్బు తగ్గాక కొన్నాళ్ళు ఆగమని డాక్టరు చెప్పిన గడువు దాటాక కుసుమ వెళ్ళి టీకా వేయించుకుంది. అప్పటికే మళ్ళీ పనిలోకి వస్తోంది, మర్నాడు మాత్రం షెడ్డులో ఆమె పీట ఖాళీగా ఉంది. కుసుమకేమైందని అందరూ ఆరా తీశారు. సూర్యావతి కుసుమ టబ్బు తనవైపు లాక్కుని ఐసులో చేతులు పెట్టింది. వేళ్ళు జివ్వున లాగాయి.

"టీకా ఏయించుకుంది, జొరం. నేనూ ఏయించుకున్నాను, ఎప్పుడో. అప్పుడు నాకొచ్చింది ఐసు వల్ల కాదు. మీ అందరికీ అబద్ధం చెప్పేను."

ఎవరైనా నాలుగు తిట్టుంటే ప్రాణం కుదుటపడేది. ఎవరూ తిట్టలేదు. తలలు వంచుకుని రొయ్యలు ఒలుచుకున్నారు.

మధ్యాహ్నం ఎదురుగా ఒలుస్తున్న కుమారికి మోకాలు పట్టేసి పీట మీంచి లేవలేకపోయింది. ఏ మాత్ర వేసుకోవాలో సూర్యావతికి నోటిదాకా వచ్చింది. కుమారి అటు తిరగనైనా తిరగలేదు. రేపు కుసుమ వచ్చాక అడుగుతాలే అంటూ గోడ పట్టుకుని నెమ్మదిగా లేచింది.