మూసేసిన బాల్కనీ

ఫెరియెల్ పోయిన రోజు అల్జీరియాలోని సెతీఫ్‌లో మంచు కురుస్తోంది. రాత్రంతా బేకరీలో పనిచేసి పొద్దున్నే ఇంటికొచ్చిన భర్త అబ్దెల్‌హక్ తలుపు ఎంత బాదినా లోపలినుంచి పలుకు లేదు. తలుపు విరగ్గొట్టి చూస్తే సోఫా మీద దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నట్టే ఉంది. గది వెచ్చగా ఉంది. గ్యాస్ హీటర్ మండుతూనే ఉంది. కూతురు రితాజ్ ఆ రాత్రి పెద్దమ్మ జులీఖా ఇంట్లో పడుకుంది కాబట్టి మిగిలింది.

ఫైర్ సిబ్బంది చెప్పిన ప్రతి మాటా జులీఖాకు గుర్తుంది. హీటర్‌లో లోపం లేదు. బిగించినప్పుడు పద్ధతిగానే బిగించారు. సోఫాకీ పరదాలకీ ఎడంగా పెట్టారు. గాలి రావడానికి బాల్కనీ వైపు గోడకు నేల దగ్గర కన్నం పెట్టి, పొగగొట్టాన్ని బాల్కనీలోకి వదిలారు. అప్పుడు బాల్కనీ తెరిచి ఉండేది. పోయిన వేసవిలో అబ్దెల్‌హక్ దానికి నడుమెత్తున ఇటుక గోడ కట్టించి, పైన అద్దాలు బిగించాడు. బట్టలారేసే భార్య మీద ఎదురింటి కుర్రాళ్ళ చూపు పడకూడదని. ఆ వీధిలో సగం ఇళ్ళవాళ్ళు అదే చేశారు. గొట్టాన్ని ఎవరూ కదిలించలేదు. అది వదిలిన విషవాయువు బాల్కనీలో నిండి, ఆ కన్నంలోంచే మళ్ళీ గదిలోకి వచ్చింది.

జులీఖా ఇంట్లో నలభయ్యో రోజు భోజనాలయ్యాయి. కుస్కుసు పళ్ళేలు కడిగి బోర్లించాక అబ్దెల్‌హక్ మెల్లగా అన్నాడు.

“వదినా, శుక్రవారం వచ్చి పాపను తీసుకెళ్తాను.”

“గోడ కొట్టించావా?”

అతను టీ గ్లాసులోకి చూశాడు. హజ్ యాత్ర చేసొచ్చిన అతని తల్లి హాజ్జా ఖదూజా అందుకుంది.

“గోడేం చేసిందమ్మా? అలా రాసిపెట్టి ఉంది.”

“దేవుడు ఇటుకలు మోశాడా, హాజ్జా? మీ అబ్బాయి మోయించాడు.”

“ఇదుగో పంతులమ్మా, ఇది నీ క్లాసు కాదు. ఆడపిల్ల ఎదుగుతోంది. ఆ గోడ తీస్తే వీధి వీధంతా మా ఇంట్లోకే చూస్తుంది.”

“చూడనివ్వండి. బతికున్న పిల్లనేగా చూస్తారు.”

హాజ్జా నోరు నొక్కుకుంది. అబ్దెల్‌హక్ సర్దిచెప్పబోయాడు.

“ఓ అద్దం తెరిచి పెడతాలే, వదినా.”

“ఫెరియెల్ కూడా తెరిచేది. చలికి వణుకుతూ మళ్ళీ మూసేది. జనవరిలో ఈ ఊళ్ళో అద్దం తెరుచుకుని పడుకునేదెవరు?”

“కొత్త హీటర్ కొంటాను.”

“కొత్తదైనా పొగ అక్కడికే కదా వదిలేది!”

“గొట్టం పొడిగిద్దామంటే కుదరదట. అంత దూరం అడ్డంగా లాగితే పొగ వెనక్కి తంతుందన్నాడు. బాల్కనీ తెరవాల్సిందేనన్నాడు హీటర్ బిగించినతను.”

“ఎప్పుడన్నాడు?”

అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

“అబ్దెల్‌హక్, ఎప్పుడన్నాడు?”

“గోడ కడుతున్నప్పుడే. చలికాలం వచ్చాక చూద్దాంలే అనుకున్నా.”

ఇన్ని రోజులూ జులీఖా అతన్ని తెలియనివాడనుకుంది. ఆ ఒక్క సాకుతోనే అతని ముఖం చూడగలిగింది. బడిలో ఏనాడూ పిల్లలమీద గొంతు పెంచని మనిషి ఇప్పుడు అరవబోయి, పక్క గదిలో రితాజ్ నిద్రపోతోందని ఆగిపోయింది. చేతిలోని గుడ్డను నీళ్ళు కారేదాకా పిండింది.

“చలికాలం వచ్చింది,” అంది. “చూశావుగా.”

“నేనేమన్నా కావాలని చేశానా, వదినా?”

“కాదు. అందుకే నీ ఇంటికి పంపాలంటే ఇంకా భయం.”

“నా కూతుర్ని నాకివ్వకుండా నువ్వెవరు?” అని ఒక్కసారిగా లేచాడు. హాజ్జా అతని చెయ్యి పట్టుకుని లాగింది.

“నేనెవర్నీ కాను. కోర్టుకెళ్తే నీకే ఇస్తారు, నాకూ తెలుసు. వెళ్ళు. అక్కడ వాళ్ళకి కూడా ఇప్పుడు నాకు చెప్పిందే చెప్పు.”

శుక్రవారం నమాజు అయ్యాక అతను వచ్చాడు. జులీఖా గుమ్మంలోనే నిలబడింది. పాప బట్టలు సర్దలేదు.

“గోడ?” అంది.

“అమ్మ ఒప్పుకోవడం లేదు, వదినా.”

ఆమె తలుపు వేసేసింది. అతని వీధిలో సగం బాల్కనీల్లాగే అతని బాల్కనీ కూడా మూసే ఉంది. అబ్దెల్‌హక్ ఇంకా గోడ కొట్టించలేదు; రితాజ్ ఇంకా పెద్దమ్మ దగ్గరే ఉంది.