మొయ్యడానికి మనుషులు

చర్చి మెట్ల పక్కన గొడుగులు బాగుచేసే మనిషికి మాటలు తక్కువ. విరిగిన ఊచ చూస్తాడు, తెచ్చినవాళ్ళ ముఖం చూస్తాడు, "రేపు రా" అంటాడు. అంతే. అందరికీ అతను గొడుగు మామ. పసితనంలోనే బాప్తిస్మం అయిందని తల్లి చెప్పగా విన్నాడు. ఆ తర్వాత వాన ఎక్కడ పడితే అక్కడికి పోయి బతికినవాడు కాబట్టి ఏ సంఘంలోనూ చేరలేదు. పెళ్ళాం పిల్లలు లేరు, ముందూ వెనకా ఎవరూ లేరు. ఈ మెట్ల దగ్గర మాత్రం కాలు నిలిచింది. లోపల ఆరాధన జరుగుతుంటే బయట కూర్చుని, పాట వింటూ సూదిలో దారం ఎక్కించుకునేవాడు.

అలాంటివాడు ఒక ఆదివారం జనం వెళ్ళిపోయాక, గడ్డం గీసుకుని లోపలికి వచ్చి పాస్టరుగారి ముందు నిలబడ్డాడు.

"నన్ను కూడా సంఘంలో చేర్చుకోండి అయ్యగారూ."

వెనక గదిలో కూర్చోబెట్టారు. సంఘ పెద్దలు ఇద్దరు వచ్చారు. ఒకరు ఎదురు వీధి దర్జీ, రెండోవారు బడి నుంచి రిటైరైన టీచరమ్మ.

"చాలా సంతోషం. ఎందుకు చేరాలనిపించింది?" అని పాస్టరుగారు అడిగారు.

"మొయ్యడానికి మనుషులు కావాలండి."

"అర్థం కాలేదు."

"పోయినప్పుడు. నాకెవరూ లేరు. మొన్న బస్టాండులో ఒకడు పోతే మునిసిపాలిటీ బండి వచ్చింది. ఎత్తినవాళ్ళకి వాడి పేరు కూడా తెలీదు. మీలో ఎవరన్నా పోతే నలుగురు భుజం పెడతారు, పాట పాడతారు. మెట్ల మీద నుంచి చూస్తుంటాను కదా."

దర్జీ భగ్గుమన్నాడు. ఆయన నోటికీ కత్తెరకీ పెద్ద తేడా లేదు. "సంఘమంటే శవాల బండి అనుకున్నావా? దేవుడి కోసం రావాలయ్యా, శవపేటిక కోసం కాదు!"

"దేవుడంటే నాకు భయం లేదు బాబూ. ఆ బండంటేనే భయం."

టీచరమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారు "అబద్ధం చెప్పలేదు, అది మంచిదే. కానీ ఇంకొంచెం ఆలోచించుకో. వచ్చే నెల కొత్తవాళ్ళని చేర్చుకునే, రొట్టె విరిచే ఆదివారానికి ముందు మళ్ళీ అడుగుతాను" అన్నారు.

ఆ పూట గొడుగు మామకు అన్నం సహించలేదు. రెండోసారి కూడా కాదంటే మూడోసారి అడిగే ముఖం తనకు లేదు. పక్కనున్న టీకొట్టు అమ్మాయి సంగతి విని, జాలిపడి ఉపాయం చెప్పింది. "'నా పాపాలు క్షమించాడు, అందుకే చేరుతున్నాను' అని కంఠస్థం చేసెయ్ మామా. నాలుగు ముక్కలేగా!" అప్పజెప్పి చూసుకున్నాడు. మాటలు బాగానే ఉన్నాయి. తనవి కావు, అంతే. అరువు చొక్కా భుజాల దగ్గర పట్టేసినట్టుంది.

ఇంతలో దర్జీ కాలు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు గానీ కాపురం మేడ మీద. మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు. మడతమంచం పట్టుకోవడానికి కొడుకు, వ్యాను డ్రైవరు, పాస్టరుగారు ఉన్నారు. నాలుగో కోడు దగ్గర మనిషి లేడు. దర్జీ భార్య వీధిలోకి చూసి, "అన్నయ్యా, ఒక చెయ్యి వెయ్యవూ!" అని కేకేసింది.

గొడుగు మామ చేతిలో ఊచ కింద పెట్టి లేచాడు. ఆవిడ చెల్లెలయ్యాక దర్జీ బావ కాక తప్పదు.

మలుపు దగ్గర బావ అరుపులు వీధి చివరికి వినిపించాయి. "నా కాలు! గోడకి కొడుతున్నావు! కళ్ళు గొడుగులో మర్చిపోయి వచ్చావా?"

"కాస్త నోరు ముయ్యి బావా. నీకంటే పోయినవాళ్ళే నయం, సణగరు."

పాస్టరుగారు నవ్వలేక, మంచం వదల్లేక నానా యాతన పడ్డారు.

కొడుక్కి పగలంతా ఫ్యాక్టరీ డ్యూటీ. అందుకని రోజూ గొడుగు మామే మేడెక్కి దర్జీని పక్కకు తిప్పేవాడు, వీపు తుడిచేవాడు, తిట్లు తినేవాడు. ఒక రోజు తిట్లు రాలేదు. దర్జీ గోడకేసి చూస్తూ, "మళ్ళీ మిషను తొక్కుతానంటావా?" అన్నాడు. గొడుగు మామ ఆయన దుప్పటి సర్దాడు. బయట వాన ఎత్తుకుంది. ఏ వాన కోసం అతను ఊళ్ళు తిరిగాడో ఆ వాన జోరుగా కురుస్తుంటే, బేరాలన్నీ పోతుంటే, మంచం పక్కనే కూర్చున్నాడు.

మర్నాడు పెద్దల కూటం దర్జీ మంచం చుట్టూనే పెట్టారు. పాస్టరుగారు అదే ప్రశ్న వేశారు. టీకొట్టు అమ్మాయి నేర్పిన ముక్కలు నాలుక చివరిదాకా వచ్చాయి. గొడుగు మామ వాటిని మింగేశాడు.

"అదే మాటండి. మొయ్యడానికి మనుషులు కావాలి."

పాస్టరుగారి ముఖం చిన్నబోయింది. టీచరమ్మ మాత్రం కళ్ళజోడు సర్దుకుంది. "ఎవరు ఎవర్ని మొయ్యడానికి? ఆ వాక్యానికి రెండర్థాలు వస్తాయి."

గొడుగు మామ మంచం వైపు చూశాడు. "అప్పుడు ఒకటే అర్థం అమ్మా. ఇప్పుడు రెండూ. ఆ బండి భయం పోలేదు, పోయిందంటే అబద్ధం. కానీ నిన్న ఇక్కడ కూర్చున్నంతసేపూ అది గుర్తు రాలేదు."

మంచం మీద నుంచి దర్జీ గొంతు లేచింది.

"చేర్చుకోండి అయ్యగారూ. దేవుడి కోసమే వచ్చానని నేనూ ఆ రోజుల్లో చెప్పాను. నిజానికి సంఘంలో లేనివాడికి పిల్లనివ్వనన్నాడు మా మామగారు."

"ఇప్పుడా చెప్పేది!" అని వంటింట్లోంచి వినిపించింది.

పాస్టరుగారు ఈసారి నవ్వు ఆపుకోలేదు. "ఆదివారం ముందుకు రా. అందరి ఎదుటా చేర్చుకుంటాం."

"లోపల ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో నాకు తెలీదండి."

"నా పక్కన కూర్చో. నేను లేచినప్పుడు లే" అంది టీచరమ్మ.

"ఆవిణ్ణి నమ్ముకోకు. ప్రసంగం మొదలైతే కునుకే" అన్నాడు దర్జీ.

"లేపుతాలే బావా" అన్నాడు గొడుగు మామ.