స్టీలు గ్లాసులో ద్రాక్షరసం

ప్రభు బల్లలో ద్రాక్షరసం పంచడానికి వాడే బుల్లి ప్లాస్టిక్ కప్పులు ఆర్డర్ చేయడం మర్చిపోయాను. ఫ్రిస్కోలో మా ఇంట్లో జరిగే తెలుగు కూడికకు వచ్చేది పన్నెండు మందే. నాకు అప్పజెప్పిన పనీ అదొక్కటే.

"మంచిదేలే నమ్రతా," అన్నారు మా సంఘపెద్ద ఆంజనేయప్రసాద్ అంకుల్. విశ్వాసంలోకి వచ్చి ఇరవయ్యేళ్ళయినా, పేరు మారిస్తే వీసా ఏమవుతుందోనని ఆ పేరుతోనే ఉండిపోయారాయన. "మొదటి విశ్వాసులు ఇళ్ళల్లో కలుసుకుని ఒకే గిన్నెలో తాగేవాళ్ళు. దాసుడికీ దొరకీ అదే గిన్నె. మనమూ అలాగే చేద్దాం."

స్టీలు గ్లాసులో ద్రాక్షరసం పోశాను. నా కళ్ళు మాత్రం సుబ్బులుగారి మీదే ఉన్నాయి. ఆవిడ ఇక్కడ నాలుగిళ్ళలో వంట చేస్తారు, మా ఇంట్లోనూ. పోయిన వారమే మా కమ్యూనిటీ స్విమ్మింగ్ పూల్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. బల్లలో చేయి వేసి పాలుపొందడం ఇవాళే మొదలు. "ఎవరన్నా మొహం చిట్లించారంటే మళ్ళీ రానమ్మా," అని పొద్దున, కూడిక తర్వాత అందరం కలిసి తినే ప్రేమ విందుకు పులిహోర కలుపుతూ చెప్పేశారు. ఆ భయం ఊరికే రాలేదు. మా ఇంట్లోనూ ఆవిడ గ్లాసు వేరు. ఎవరూ వేరుగా పెట్టలేదు, అదే అలా కుదిరిందని నాకు నేను చెప్పుకునేదాన్ని. డిగ్రీ చదువు ఇలాంటివాటికి బాగా పనికొస్తుంది.

కూడికకు వచ్చే నళిని కూతురు అనిక, ఇక్కడే పుట్టిన పిల్ల, చెయ్యెత్తింది. "అంకుల్, సేమ్ కప్ ఓకే. దెన్ ఆ దాసుల్ని ఫ్రీ చేశారా?"

అంకుల్ గొంతు సవరించుకున్నారు. "కొందరు చేశారమ్మా. చాలామంది చెయ్యలేదు. దొరలకు లోబడమని దాసులకు చెప్పారు, దయగా చూడమని దొరలకు చెప్పారు."

"దట్స్ నాట్ ఈక్వల్."

"కాదు," అని ఒప్పుకున్నారాయన.

ప్రార్థించి, గ్లాసెత్తి, పెదవికి తగలకుండా పైనుంచి నోట్లో పోసుకున్నారు. ఎంగిలి కాకూడదు కదా! సగం రసం తెల్లచొక్కా మీద పడింది. తర్వాతివాళ్ళూ అలాగే పోసుకున్నారు. నళిని పట్టుచీర కూడా బల్లలో పాలుపొందింది.

సుబ్బులుగారి వంతు వచ్చింది. కుడిభుజం పట్టేసి ఆరు నెలలుగా ఆవిడ చెయ్యి పైకి లేవదు. పెదవులకు ఆనించి ఒక గుక్క తాగారు. పక్కన నేను, తర్వాతి వంతు నాది. ఆవిడ నా మొహం చూసి, కొంగుతో అంచు తుడిచి, "కడిగి తెస్తానమ్మా," అన్నారు.

నా చెయ్యి వెంటనే ముందుకు వెళ్ళిందని రాస్తే బాగుంటుంది. వెళ్ళలేదు. నలభై ఏళ్ళ ఎంగిలి పట్టింపు ఒక్క క్షణం దాన్ని ఒళ్ళోనే ఉంచేసింది. ఆ క్షణం ఆవిడ లేచిపోకుండా ఆగారు.

"ఇటివ్వండి," అని తీసుకుని, ఆవిడ తాగినచోటే ఆనించి తాగాను.

అనిక కూడా అలాగే తాగింది. "ఎంగిలి అంటే జర్మ్సా, ఆంటీ?"

"జర్మ్స్ అయితే ఎంత బాగుండేదే!"

అంకుల్ తన చొక్కా చూసుకున్నారు. "నా వాటా దీనికే పోయింది. సుబ్బులు సిస్టర్, మీరు ఇంకో గుక్క తాగి నాకివ్వండి."

రెండోసారి తీసుకోవచ్చా అని ఎవరూ అడగలేదు. ఆవిడ తాగి ఇచ్చారు. ఈసారి ఆయన పెదవికి ఆనించే తాగారు.

తర్వాత స్తుతులు. నళిని గ్రీన్‌కార్డు వచ్చినందుకు స్తోత్రం చెప్పింది. ఒక క్షణం నా కోసం ఆగినందుకు నేను సుబ్బులుగారికి థాంక్స్ చెప్పాను. ఆవిడ సిగ్గుపడి పులిహోర వైపు చూశారు.

"అది సరేగానీ, వచ్చే ఆదివారం నాకు రైడ్ ఎవరిస్తారు?" అని అడిగారావిడ.

మిగతావాళ్ళు నోరు తెరిచేలోపే, "నేను," అన్నాను.