తలాపున తిల్ల

తిల్ల చెట్టును ప్రేమించిన మనిషిని ఆ లంకల్లో ఎవరూ చూసి ఉండరు. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఒంటికి తగిలితే బొబ్బలు, కంట్లో పడితే కొన్నాళ్ళపాటు చూపే ఉండదు. నాగాయలంక దాటి కృష్ణ సముద్రంలో కలిసే వైపు వెళితే మడ అడవి వస్తుంది. నీళ్ళ అంచున మడ చెట్లూ ఉప్పు పొన్నా ఉంటాయి. వాటి వెనక, కాస్త మెరక మీద, పిలవని పేరంటానికొచ్చినట్టు తిల్ల ఉంటుంది.

బెజవాడ భవానీపురం అమ్మాయి ఫరహత్ ఆ అడవి మీదే పరిశోధన చేసింది. పాయ గట్టున కొన్ని చోట్ల ఒకే జాతిని, కొన్ని చోట్ల మూడింటినీ కలిపి ఏళ్ళ తరబడి పెంచి చూసింది. మూడూ కలిసిన చోటే గట్టు నిలిచింది. ముందున్నవి బురదను పట్టుకుంటే వెనకున్న తిల్ల మెరకను పట్టుకుంది. ఈ సంగతి బెజవాడలో ఒక చల్లటి హాల్లో అధికారులందరికీ బొమ్మలు వేసి మరీ చెప్పింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు, భోంచేశారు, ఎవరి కారు వాళ్ళెక్కి వెళ్ళిపోయారు. ఆ గట్టున బతికేవాళ్ళను మాత్రం ఒక్కరినీ పిలవలేదు.

ఆ గట్టు మీది ఊళ్ళో ఆమె మాట వినేది లాజరు. అడవి కమిటీకి ఆయనే పెద్ద. ఆమె నాటిన మొక్కల్ని కన్నబిడ్డల్లా చూసుకునేవాడు. ఆయన భార్య తెరేసమ్మ నోరు తిరక్క ఆమెను ‘ఫరాతమ్మా’ అని పిలిచేది. ఆమె వస్తుందంటే కోడికూర మానేసి చేపల పులుసు పెట్టేది. “మీవాళ్ళు కోసింది కాదుగా, నీకెందుకమ్మా ఇరకాటం” అనేది.

నవంబరులో సమాధుల పండుగకు ముందు ఆడవాళ్ళంతా కలిసి సమాధుల దొడ్డి శుభ్రం చేసి, సున్నం వేయడం ఆ ఊరి ఆనవాయితీ. దొడ్డి పాయ పక్కనే ఉంది. మధ్యలో అడ్డంగా తిల్ల వరస. ఒక ఏడాది అత్తగారి సమాధి మీదికి వాలిన కొమ్మను కొట్టబోతే తెరేసమ్మ కళ్ళలో పాలు చిందాయి. పండుగనాడు కళ్ళకు గుడ్డ కట్టుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని వచ్చి కొవ్వొత్తి వెలిగించింది.

“నేను పోయాక నన్ను ఈ దయ్యపు చెట్టు కింద పెట్టమాకయ్యా” అంది, నవ్వుతూనే.

మరుసటి వేసవిలో ఉన్నట్టుండి గుండె ఆగి తెరేసమ్మ పోయింది. లాజరు ఆమెను తన తల్లి పక్కనే, పాయ వైపున పెట్టాడు. తర్వాత గొడ్డలి తీసుకుని, ఒక్కడే, తిల్ల వరసంతా నరికేశాడు.

ఫరహత్ వచ్చేసరికి మొదళ్ళే మిగిలాయి.

“లాజరు గారూ, ముందున్న చెట్లొక్కటే గట్టును ఆపలేవండీ. వానలు రాకముందే మళ్ళీ తిల్ల నాటాలి. మొక్కలు నేను తెస్తాను.”

“మీరు చెప్పింది ఎప్పుడన్నా కాదన్నానా అమ్మా?” అన్నాడాయన. “మడ నాటమంటే నాటాం. పొన్న నాటమంటే నాటాం. ఇదొక్కటి అడగమాకండి. బతికుండగా దాని కళ్ళు మండించిన చెట్టు. ఇప్పుడు తలాపున నేనే నాటాలా?”

ఆమె సంచిలో లెక్కలున్నాయి, బొమ్మలున్నాయి. వాటిని బయటికి తియ్యలేదు. కాస్త గట్టిగా చెప్పాల్సిందే. కానీ ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన మనిషితో గట్టిగా ఎలా మాట్లాడతాం? “మళ్ళీ మాట్లాడుకుందాం లెండి” అని బస్సెక్కింది.

ఆ ఏడే కృష్ణ పొంగింది. భవానీపురం వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. ఇంట్లోవాళ్ళు సామాన్లు మేడ మీదికి చేరవేస్తుంటే ఫరహత్ మెట్ల మీద నిలబడి ఆ ఎర్రనీళ్ళనే చూస్తోంది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. ఇవాళ ఇక్కడ దాటిన నీళ్ళు రేపటికల్లా ఆ గట్టు దగ్గరుంటాయి. లాజరుకు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది. కలవలేదు.

నీళ్ళు తీశాక వెళ్ళింది. మడ చెట్లు నిలబడే ఉన్నాయి. వాటి వెనకగా వరద దూరి మెరకను కోసుకుపోయింది. పాయ వైపున్న సమాధులు లేవు. తెరేసమ్మ లేదు. విరిగిన గట్టు మీద లాజరు కూర్చుని ఉన్నాడు.

“సిలువన్నా దొరికిద్దేమోనని పడవేసుకుని సముద్రం మొగదాకా పోయానమ్మా. ఏం లేదు.”

ఫరహత్ ఆయన పక్కనే కూలబడి బావురుమంది. చివరికి ఆయనే “ఊరుకోమ్మా, ఊరుకో” అని ఓదార్చాల్సి వచ్చింది. ఆమె ఏడుపు ఆగాక అడిగాడు.

“ఆ మొక్కలున్నయ్యా?”

“ఉన్నాయండీ.”

“తెప్పించండి. మూడు రకాలూ. మా అమ్మ ఇంకా దొడ్లోనే ఉంది. ఊరోళ్ళ పెద్దోళ్ళంతా ఉన్నారు.”

మరుసటి ఏడు పండుగకు ఫరహత్ కూడా వెళ్ళింది. లాజరు తల్లి సమాధికి సున్నం వేశాడు. తెరేసమ్మ కోసం తెచ్చిన కొవ్వొత్తి పెట్టడానికి చోటు లేక, గట్టు అంచున మోకాలెత్తు పెరిగిన తిల్ల మొక్క మొదలు దగ్గర గుచ్చాడు. పాయ గాలికి అది ఆరిపోతుంటే ఫరహత్ చున్నీ అడ్డం పట్టింది.

గడ్డి కోస్తూ వచ్చిన సంపూర్ణమ్మ, వరసకు ఆయనకు చెల్లెలు, ఆ మొక్క మీదికి కొడవలి ఎత్తింది.

“దాన్ని ముట్టుకోమాక” అన్నాడు లాజరు.

“ఇది తిల్ల కదన్నయ్యా. వదిన కళ్ళు పోగొట్టబోయింది.”

“తెలుసు. మీ వదినకి చెప్పే నాటా.”

సంపూర్ణమ్మ కొడవలి దించింది. “ఏమంది?” అని మెల్లగా అడిగింది.

లాజరు పాయ వైపు తిరిగాడు.

“ఇంకా ఏం అనలేదమ్మా” అన్నాడు.