ఎక్కువ వంగే మోకాలు

"పీట మీద కూసొని రొట్టెలు కొట్టేటట్టు వంగాలె డాక్టర్ సాబ్. గసొంటిదే ఎయ్యున్రి," అన్నాడు గురులింగప్ప, భార్య బస్వమ్మ మోకాలి ఎక్స్‌రే బల్ల మీద పెడుతూ.

జహీరాబాద్ మెయిన్ రోడ్డు మీద అతనికి మోటారు పంపుల సామాన్ల దుకాణం ఉంది. గిరాకీ బేరమాడితే, "ఒరిజినల్ ఇది, ఏండ్లు నడుస్తది" అని ఒక్క మాటతో నోరు మూయిస్తాడు. తాను మాత్రం ఏ వస్తువునూ తిప్పి చూడకుండా కొనడు. బల్ల మీదున్న రెండు నమూనా మోకాళ్లనూ మడిచి చూశాడు. పైనా కిందా లోహం, నడుమ తెల్లటి ప్లాస్టిక్ బిళ్ల.

"ఇది మామూలుది. నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు. రెండోది ఇంకా వంగుతుంది," అన్నాడు డాక్టర్. "కానీ ఏదైనా సరే, రోజూ కింద కూర్చుని లేస్తుంటే ఈ బిళ్ల తొందరగా అరుగుతుంది. అరిగితే మళ్లీ కొయ్యాలి."

"పంపుల ఏసే బుష్ లెక్కనే గద! అరిగితే మారుస్తం," అని నవ్వాడు గురులింగప్ప.

బస్వమ్మ నవ్వలేదు. ఇంట్లో వంటగట్టు ఎప్పుడో కట్టించారు. దాని మీద రొట్టె కొట్టబోతే, "కింద కూసొని కొడ్తెనే జొన్నరొట్టె పొంగుతది" అని అత్త గ్యాస్ పొయ్యిని కిందికి దింపించింది. అత్త పోయింది. పొయ్యి మాత్రం పైకెక్కలేదు. "మా అమ్మ కొట్టినట్టే ఉండాలె" అని ఈయన ఎక్కనివ్వలేదు. ఇంట్లోవాళ్లకు, దుకాణంలో పనివాళ్లకు, న్యాల్‌కల్ నుంచో ఝరాసంగం నుంచో సామానుకొచ్చి భోజనం వేళదాకా కూర్చున్న రైతులకు, అందరికీ ఆ పీట మీది నుంచే రొట్టెలు. "మా ఇంట్ల తిన్న గిరాకి ఇంకో దుకాణం ఎక్కడు" అని మీసం దువ్వుకునేవాడు. ఆ వ్యాపారంలో ఆమె మోకాళ్లు కూడా పెట్టుబడేనని ఒక్కనాడూ అనలేదు. గోడ పట్టుకుని లేస్తుంటే మాత్రం, "జర జల్దీ లెవ్వు, ఒళ్లు పెంచినవ్" అనేవాడు. పాత కీలు ఆ పీట మీదే అరిగిపోయింది. ఇప్పుడు కొత్త కీలునూ ఆ పీట కోసమే కొంటున్నాడు.

"ఎక్కువ వంగేదే ఖాయం చేయున్రి," అన్నాడు గురులింగప్ప.

బస్వమ్మ ఆ మోకాలిని పక్కకు జరిపి, మామూలుదాన్ని డాక్టర్ ముందుకు నెట్టింది.

"నాకు ఇదే పెట్టున్రి సార్. కింద కూసోవద్దని చీటీ మీద గూడ రాయున్రి."

"దిమాక్ ఖరాబైందా? మరి రొట్టెలెవరు కొడ్తరే?"

బస్వమ్మ అతని కాళ్ల వైపు చూసింది.

"మీ మోకాళ్లు ఒరిజినల్‌వే గద," అంది. "ఏండ్లు నడుస్తయి."